శుక్రవారం కుక్క

తెలివితక్కువ పని నాదే. గీటురాయి మీద ఒక్క గీత గీసి బంగారంలో రాగి ఎంత కలిసిందో చెప్పేవాణ్ని, పులివెందులలో ఒకాయన గంపలోంచి తీసి చేతిలో పెట్టిన కుక్కపిల్లను మాత్రం గీయకుండా, గీరకుండా కొనేశాను. "జాతి టెర్రియర్ మామా. శానా సాధువు. మొరగమన్నా మొరగదు," అన్నాడాయన. ప్రొద్దుటూరు బస్సు కదలకముందే అది కండక్టరు మీద మొరిగింది. నేను దాన్ని కొనుక్కున్నాను, అది నన్ను కొరుక్కుంది.

కొన్నది నా భార్య కోసం. మిషన్ నగలు వచ్చాక మాలాంటి చేతిపనివాళ్ళకు పని పల్చబడింది. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోతానంది ఆమె. ఇంట్లో పసిదానిలాంటిది ఒకటి తిరుగుతుంటే ఆమెకు కాలు కదలదని నా ఆలోచన. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బాగా ముద్దుచేసింది. వీసా రాగానే నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో మేమిద్దరం. పొద్దున లేస్తాను, టీ పెట్టుకుంటాను, అది నా చెప్పు తింటుంది. కోపం రాదు. సంతోషమూ రాదు. కుంపటి దగ్గర కాలీ కాలీ, వేడి తగిలినా తెలియని వేలు ఒకటి నాకుంది. మనిషి మొత్తం ఆ వేలు మాదిరే అయిపోయాను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మధ్యాహ్నంపూట అది వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. ఆ పాదం ఒక్కటీ నాదేనని అప్పుడు తెలుస్తుంది.

ఆమెకు శుక్రవారం సెలవు. వీడియో కాల్ చేస్తుంది. "ఏమయ్యా, తిన్నావా?" అంటుంది. నేను జవాబు చెప్పేలోపే, "కుక్కను చూపీ." ఫోను దాని ముందు పెడతాను. "నా బంగారూ, నా తల్లీ, చిక్కిపోయినావే!" బంగారం పనివాణ్ని నేను, బంగారం అది. నేను ఫోను నిలబెట్టే కర్రను. ఒకసారి దాని బాధ పడలేక జమ్మలమడుగులో ఆమె అక్క ఇంట్లో వదిలి వచ్చాను. ఆ శుక్రవారం ఫోను జమ్మలమడుగుకే పోయింది. మరునాడే బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నాను.

ఈ మధ్య ఒక శుక్రవారం కుక్కతో మాట్లాడుతూ మాట్లాడుతూ, "మేడమ్ ఇంకో రెండేండ్లు ఉండమంటాంది. వచ్చే వారం చెప్పల్ల," అంది. కుక్కతోనే అంది. వద్దని చెబుదామని నోరు తెరిచాను. కుక్క ఫోను నాకింది. కాల్ కట్టయింది.

ఆమె చెవికమ్మలు నా దగ్గరే ఉన్నాయి. మా పెళ్ళికి నేనే చేసినవి. అప్పుడప్పుడూ కుంకుడురసంతో కడిగి పెడుతుంటాను. ఆ వారం కడుగుతుంటే ఒకటి చేతిలోంచి జారింది. నేల తాకగానే కుక్క మింగేసింది. కమ్మ కదా, కమ్మగానే ఉండి ఉంటుంది.

మా బజారులో అంగళ్ళ ముందు మట్టి ఊడ్చుకుపోయి, నీళ్ళలో కడిగి, బంగారు రజను తీసి బతికేవాళ్ళున్నారు. జలగడగడం అంటారు దాన్ని. వాళ్ళ దగ్గర పళ్ళెం ఒకటి అడిగి తెచ్చుకుని, కుక్క వెంబడే తిరిగి, పెరట్లో కూర్చున్నాను. పక్కింటి సాయిబు గోడమీదుగా తొంగిచూశాడు.

"ఏంది మామా, కుక్కపెంట కడుగుతాండావు?"

"కమ్మ మింగింది భాయ్."

"రెండోది గూడా మింగనీ. జత అవుతాది."

నవ్వు రాలేదు. కడుగుతూనే ఉన్నాను. చాలాసేపటికి పళ్ళెం అంచున పచ్చగా మెరిసింది. వేళ్ళతో కమ్మను పైకి తీశాను. అప్పుడే కంపు కూడా కొట్టింది. అంతవరకు ముక్కు ఉన్న సంగతి మరిచిపోయినట్టున్నాను.

శుక్రవారం కుక్కను బాత్‌రూమ్‌లో పెట్టి గొళ్ళెం వేశాను. ఫోను మోగింది.

"ఏమయ్యా, తిన్నావా? కుక్కను చూపీ."

"పండుకోనుంది."

లోపలినుంచి ఒకటే మొరుగుడు.

"పండుకోని మొరుగుతాందా?"

"కలొచ్చినట్టుంది."

"యాడ పెట్టినావు దాన్ని? చిన్నపిల్లయ్యా అది!"

"నాతో మాట్లాడు మే."

ఆమె ఫోను దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఏంది అట్లున్నావు? గడ్డమంతా నెరిసిందే."

కమ్మలు రెండూ అరచేతిలో పెట్టి చూపించాను. "పెట్టుకునే మనిషి లేక ఒకటి కుక్క మింగింది. పెంట కడిగి తీసినా. ఇంకో రెండేండ్లు నావల్ల కాదు. వచ్చేయ్."

"థూ! పెంటలోదా!" అని అంత దూరాన కొంగుతో ముక్కు మూసుకుంది. కొంగు ముక్కుమీదనుంచి కళ్ళమీదికి పోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఫోనులో తెలియలేదు.

"సరేలే, ఊరికి పోతానని మేడమ్‌కు చెప్తా," అంది చివరికి. "ఇప్పుడన్నా దాన్ని చూపీ."

"చూపీను," అన్నాను.

ఆమె ఫోను పెట్టేసేదాకా గొళ్ళెం తీయలేదు.