మా కోసం రాని ట్యాంకర్

తర్లుపాడు దగ్గర మా ఊరికి కొన్నాళ్లుగా నీళ్ల ట్యాంకర్ సరిగా రావడం లేదు. ఈ రోజు పొద్దున హారన్ వినపడగానే వీధంతా బిందెలతో పరుగెత్తింది. నేనూ నా బిందె వరుసలో పెట్టి, ఆ పొడవాటి వరుసను ఫోన్‌లో ఫొటో తీశాను. సాయంత్రం ఇక్కడ పోస్ట్ చేసి కడుపుమంట తీర్చుకుందామనుకున్నాను.

తీరా చూస్తే ఆ ట్యాంకర్ మాది కాదు. ఊరి బయట చేలల్లో పరిచిన సోలార్ పలకలు కడగడానికి పోతోంది. గేదెలు అడ్డం వచ్చాయని హారన్ కొట్టాడంతే.

ఒకప్పుడు అవే చేలల్లో కలుపు తీసిన మరియమ్మ పెద్దమ్మ డ్రైవర్‌ను నిలదీసింది.

“వాటికి నీళ్లేంది నాయనా?”

“దుమ్ము పడితే కరెంట్ తగ్గుద్ది పెద్దమ్మా.”

“అంత కరెంట్ ఎవురికి?”

“వైజాగ్‌లో డేటా సెంటర్లు కడతా ఉండారంట. మనం ఫోన్లో తీసే ఫొటోలన్నీ అట్లాంటి చోటే దాస్తారంట. వాటికి ఎంత కరెంటైనా చాలదంట.”

పెద్దమ్మ నా చేతిలోని ఫోన్ వైపు చూసింది. తిట్టినా బాగుండేది. బిందెను వరుసలోనే వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ ఫొటోను ఫోన్‌లోంచి తీసేశాను. దానివల్ల చెంబెడు నీళ్లు కూడా మిగలవని తెలుసు. ఈ నాలుగు ముక్కలు దాచడానికీ కరెంటు కావాలనీ తెలుసు. అయినా రాశాను. మీరేమంటారో చెప్పండి.

పెద్దమ్మ బిందె ఇంకా వరుసలోనే ఉంది.