ఏసీ మీది గరుత్మంతుడు

మా చెల్లెలి కూతురు శ్రీవిద్యకు సంబంధం ఎవరు కుదిర్చారో బయటపడితే, గుడిలో నా పక్కన కూర్చుని సహస్రనామం చదివేవాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారేమో. మీకు మాత్రం చెబుతున్నాను.

అబ్బాయి కార్తీక్ వాళ్ళది నారాయణగూడ. కాలేజీలో జువాలజీ చెబుతాడు. పిల్లలిద్దరికీ నచ్చింది. అబ్బాయి వాళ్ళమ్మ సులోచనగారే ఎటూ తేల్చరు. ఒక మంచి శకునం కనబడనీయండి వదినగారూ అంటూ నాన్చుతున్నారు. అశోక్‌నగర్‌లో మా చెల్లెలికి బెంగతో అన్నం సహించడం లేదు.

మొన్న పొద్దున చిక్కడపల్లిలో మా బాల్కనీలో తులసికి నీళ్ళు పోస్తుంటే, ఏసీ డబ్బా మీద వంకర ముక్కు పక్షి కనబడింది. గరుత్మంతుడు! చేతులెత్తి మొక్కాను. నిజానికి గరుడపక్షికి తల తెలుపు, ఒళ్ళు ఎరుపు. దీనికేమో తల ఎరుపు, రొమ్ము తెలుపు. స్వామి వాహనం రివర్స్ గేర్‌లో వచ్చిందనుకున్నాను. పావురమంత కూడా లేదు. అపార్ట్‌మెంట్ కదా, సర్దుకుని వచ్చాడనుకున్నాను.

వెంటనే సులోచనగారికి ఫోన్ చేశాను. ఆవిడ పట్టుచీర కట్టుకుని, తులసిమాల పట్టుకుని, కొడుకుతో ఆటోలో దిగారు. చెల్లెలూ శ్రీవిద్యా కూడా వచ్చారు. అప్పటికీ స్వామి ఏసీ మీదే ఉన్నాడు.

సులోచనగారు కళ్ళు మూసుకుని దండం పెట్టారో లేదో, స్వామి బాణంలా దూకి ఒక పిచుకను తన్నుకొచ్చి, అదే ఏసీ మీద కూర్చుని ఈకలు పీకడం మొదలుపెట్టాడు. అవి ఎగిరొచ్చి ఆవిడ పట్టుచీర మీద పడ్డాయి. పుష్పవృష్టి అని సర్దిచెప్పబోయాను.

"గరుడ కాదు ఆంటీ," అన్నాడు కార్తీక్ మెల్లగా. "ఎర్రతల డేగ."

"డేగైతే ఏముంది నాయనా? గద్దకు తమ్ముడేగా."

"అందరూ అట్లనే అనుకునేటోళ్ళు. డీఎన్ఏ చూస్తే గద్దలు దూరం. డేగలకు దగ్గరి చుట్టాలు చిలకలు."

మా వంశంలో ఎవరు ఎవరికి ఏమవుతారో అందరూ నన్నే అడుగుతారు. ఆ అలవాటుకొద్దీ, "అన్నదమ్ముల వరసా, మేనరికమా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. సులోచనగారు మాల పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. చెల్లెలి మొహం పాలిపోయింది.

"అంటే ఏంది?" అంది శ్రీవిద్య నెమ్మదిగా. "పెద్దమ్మ నాకు చిలక జోస్యం చెప్పించిందా?"

ముందు కార్తీక్ నవ్వాడు. ఎంత ఆపుకుందామన్నా ఆగక వాళ్ళమ్మ భుజం మీద వాలిపోయాడు. ఆవిడ కొడుకును చూశారు, పిల్లను చూశారు, చీర మీది ఈక దులుపుకున్నారు.

"చిలకైనా మంచి కార్డే తీసినట్టుంది వదినగారూ. తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందాం?"

నిన్న ముహూర్తం కోసం వెళితే, జాతకాలు ఎవరు చూశారమ్మా అని అడిగారు పంతులుగారు. ఎర్రతలాయన, ఏసీ మీద కూర్చుని చూశాడు, సంభావన కింద పిచుకను పుచ్చుకున్నాడు అని ఎట్లా చెప్పను?

"పెద్దవాళ్ళేనండీ," అన్నాను.