మంగళానికి ముందు ఒక మాట

మా డ్రామా మాస్టారు పోయారని కుప్పం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మదనపల్లెలో ఆస్పత్రి డ్యూటీలో ఉన్నాను. చేసింది మా నాటకంలో స్వామి వేషం వేసినాయన. "అమ్మా, అయ్యోరు ఎల్లిపోయినాడు" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండానే వెళ్ళిపోయారాయన.

మా వైపు ఊళ్ళలో నాటకం ఆడాలనుకుంటే ముందు డ్రామా మాస్టారును పిలుచుకుంటారు. ఆయన హార్మోనియంతో వచ్చి, ఆ ఊళ్ళోనే తిని పడుకుని, సేద్యం చేసేవాళ్ళకూ టమోటా మండీలో పనిచేసేవాళ్ళకూ పద్యాలు నేర్పి రంగమెక్కిస్తారు. మా మాస్టారు శాంతిపురం నుంచి పుంగనూరు దాకా అలా ఎందరినో రాజుల్ని చేశారు. ఎవరైనా తాళం తప్పితే తిట్టేవారు కాదు. హార్మోనియం ఆపి కళ్ళద్దాలు తుడుచుకునేవారు. తిట్టినా బాగుండేది అనిపించేది. "పద్యం గొంతులోంచి కాదమ్మా, కడుపులోంచి రావల్ల" అనేవారు.

జీవితమంతా పురాణాలు నేర్పి, చివరి వయసులో సొంతంగా ఒక నాటకం రాశారు. అందులో రాజు చనిపోతాడు. వారసుడు దొరికేదాకా కిరీటం భద్రంగా ఉంచుతానని ఒక స్వామి తీసుకుంటాడు. కొన్నాళ్ళకు అది ఆయన తల మీదికే ఎక్కుతుంది. ఏ పంట వేయాలో, ఎవరు ఎవరిని పెళ్ళాడాలో, ఎవరి మందు మింగాలో అన్నీ దేవుడి పేరు చెప్పి ఆయనే తేలుస్తాడు. ప్రతి ఆజ్ఞ చివరా "మీ మంచికే" అంటాడు. వేరే మతం వైద్యుడి మందు తాగించకూడదని ఆయన ఆపడంతో ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుంటుంది. చివరి రంగంలో ఆమె స్వామి ఎదుట నిలబడి ఒక ప్రశ్న అడుగుతుంది. దానికి మాస్టారు జవాబు రాయలేదు. చూసినవాళ్ళు ఆ ప్రశ్నను ఇంటికి మోసుకుపోవాలన్నారు.

ఆ తల్లి వేషం నాకిచ్చారు. నేను చర్చికి వెళ్ళే మనిషిని. నేను వేషం కట్టడం మా పాస్టరుగారికీ నచ్చలేదు, రిహార్సల్ చూసిన పెద్దమనుషులకూ నచ్చలేదు. "బిడ్డ పోయిన తల్లికి మతమేందప్పా" అని మాస్టారు అందరి నోళ్ళూ మూయించారు. ఆనాటి నుంచి ఆయన నాకు తండ్రితో సమానం.

మొదటి ప్రదర్శన పుంగనూరులో. మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాటకాల్లో మాస్టారు మంగళం ఎత్తుకున్నారంటే ఆట ముగిసినట్టే. ఆ తర్వాత రంగం మీద ఎవరూ పెదవి విప్పకూడదు. జనం లేచి దండం పెట్టుకోవాలి. నేను స్వామి ఎదుట నిలబడి "సామీ" అన్నానో లేదో, హార్మోనియం మంగళం అందుకుంది. హారతి పళ్ళెం వచ్చింది. కిరీటం పెట్టుకున్న ఆ స్వామికే ముసలమ్మలు కళ్ళు మూసుకుని మొక్కారు. ఏది జరగకూడదని మాస్టారు నాటకం రాశారో అదే జరిగింది, జరిపించింది ఆయన చేతులే.

రంగు తుడుచుకోకుండానే వెళ్ళి ఎందుకిలా చేశారని అడిగాను. ఆ ప్రశ్న నా నోట వస్తే ఊరుకునేది లేదని కొందరు వచ్చి చెప్పిపోయారట. మాస్టారు తల ఎత్తకుండానే ఈ సంగతి చెప్పారు. నాకు ముందే ఒక మాట చెప్పి ఉండొచ్చు కదా అన్నాను.

"నీ మంచికే అమ్మా" అన్నారు.

అది తాను రాసిన మాటేనని తెలియక అన్నారో ఏమో, అన్నాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ నాటకం మళ్ళీ ఎక్కడా ఆడలేదు. బెదిరించినవాళ్ళ మీద నాకంత కోపం లేదు, వాళ్ళెవరో కూడా నాకు తెలియదు. జనం ముందు నిటారుగా నిలబడడం నేర్పిన మనిషే నా నోరు మూయించడం నేను తట్టుకోలేకపోయాను. ఇప్పటికీ మంటగానే ఉంది. అయినా ఇవాళ నలుగురిలో వణక్కుండా మాట్లాడుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే, కాదనను.

కుప్పంలో ఆయన ఇంటి ముందు, పాడె పక్కనే హార్మోనియం పెట్టి పూలు చల్లారు. శిష్యులంతా మంగళం పాడి సాగనంపాలనుకున్నారు. స్వామి వేషం వేసినాయన పళ్ళెంలో కర్పూరం పెట్టి అగ్గిపెట్టె తీశాడు.

"రవ్వంత ఆగప్పా" అన్నాను. ఆ స్వామి ఎదుటికే వెళ్ళి నిలబడ్డాను. కడుపులోంచే అడిగాను.

"సామీ, దేవుడు నీ చెవిలోనే ఎందుకు మాట్లాడతాడు? నా బిడ్డ ఏడుపు ఆయప్పకు యాల ఇనపడలేదు?"

ఎవరూ అడ్డు రాలేదు. మాస్టారు నేర్పినట్టే ఆయన తల దించుకున్నాడు. అగ్గిపుల్ల గీయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. హార్మోనియం తిత్తులు మూసి ఉన్నాయి. దాని మీద మాస్టారి కళ్ళద్దాలు, ఎవరో శుభ్రంగా తుడిచి పెట్టినవి.