నా మాటకు ఆగిన బండి

మధురానగర్‌లో నా కర్రీ పాయింట్ ఉన్న సందు చివర కరెంటు సబ్‌స్టేషన్ ఉంది. అక్కడికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వస్తోందనీ, దాన్ని తెచ్చే బండి మలుపు తిరగాలంటే నా కొట్టు మూల గోడ కొట్టేయాలనీ ఒక శుక్రవారం కాంట్రాక్టరు మనిషి వచ్చి చెప్పాడు. పనయ్యాక మళ్లీ కట్టిస్తారట. ఇంటి ఓనరు అప్పటికే సరే అనేశాడట. గోడ కట్టిస్తారేమో గానీ, కట్టాక ఆ కొట్టు నాకే ఇస్తాడని నమ్మేంత అమాయకురాలిని కాను. గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ పొయ్యి పెట్టుకున్నాను. ఆ పొయ్యి తప్ప ఈ ఊళ్లో నాకింకో ఆధారం లేదు.

శనివారం సాయంత్రం ఆ బండి డ్రైవరు ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. నలభై దాటిన మనిషి, నల్గొండ వైపు యాస. సందంతా అటూ ఇటూ తిరిగి, నా గోడ మూలకు అరచేయి ఆనించి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. కూలగొట్టే ముందు కొలతలు కూడానా బాబూ అని అడిగాను.

“గోడ ఎందుకు కొడ్తరక్కా? కొట్టకుంటనే తీస్కపోత,” అన్నాడు. కాస్త ముగ్గుపిండి ఉంటే ఇమ్మన్నాడు.

డబ్బా మొత్తం ఇచ్చాను. వంగి, మెయిన్ రోడ్డు నుంచి సబ్‌స్టేషన్ గేటు దాకా ఒక గీత పోసుకుంటూ పోయాడు. పొయ్యడం చేతకాలేదు పాపం, ఒకచోట లావు, ఒకచోట సన్నం. కానీ మలుపు దగ్గర ఆ గీత తిరిగిన తీరు చూసి నోరు మూసుకున్నాను. రోజూ ముగ్గు వేసే చెయ్యి నాది, నాకు అలాంటి వంపు చెరపకుండా రాదు.

ఆదివారం పొద్దున్నే బండి పంజాగుట్ట వైపు నుంచి వచ్చి మెట్రో స్తంభాల పక్కన ఆగింది. రెండు ట్రైలర్లను ఇనుప పిన్నులతో ఒకదానికొకటి బిగించి, మీద ఇల్లంత ట్రాన్స్‌ఫార్మర్ కూర్చోబెట్టారు. చక్రాలు లెక్కపెడదామని మొదలుపెట్టి మధ్యలో మానేశాను. ముందు లాగే లారీ, దానికీ ట్రైలర్లకీ మధ్య పొడుగాటి ఇనుప దూలం. లోపల తిప్పుకునే చోటు లేదు కనుక సందంతా వెనక్కి నడుపుకుంటూనే లోపలికి పోవాలి. లారీ ఒక పక్కకు తిరిగితే దూలం ఇంకో పక్కకు పోతుందట, దూలం అటు పోతే ట్రైలర్లు మళ్లీ ఇటు వస్తాయట. అది చాలదన్నట్టు, తోక దగ్గర ఒకతను నడుస్తూ వెనక చక్రాలను విడిగా తిప్పుతాడట. డ్రైవరు చెబుతుంటే నాకు తల తిరిగింది. నాకు స్కూటీ వెనక్కి తీయడమే రాదు.

చెప్పాల్సింది చెప్పి, నా ఫోను నుంచి తనకు ఫోన్ చేయించుకుని, పెట్టేయొద్దన్నాడు.

“ఈ మూల నా అద్దంల కనబడదు. తోక కాడ ఉన్నోడు ఆ పక్కన ఉంటడు. నువ్వు పక్కింటి మెట్ల మీద నిలబడక్కా. గోడ నీది, నీకన్న మంచిగ ఎవరు చూస్తరు? రానియ్ రానియ్ అనకు, గది అందరు అంటరు. తాకుతదనిపిస్తే ఆపు అను. లేకుంటే సప్పుడు చెయ్యకు.”

నన్ను చప్పుడు చెయ్యొద్దన్న మొదటి మనిషి ఆయన కాదు. విన్నది మాత్రం ఆయన మాటే.

మా సందులో ఆటో వెనక్కి వచ్చినా సరే, టీ తాగేవాళ్లూ పాన్ నమిలేవాళ్లూ అందరూ చేతులూపుతూ దారి చూపిస్తారు. ఆ రోజు హాస్టళ్ల పిల్లలు కూడా కోచింగు సంచులతో గుంపుకట్టారు. ఇంజను పలకగానే సందంతా రానియ్ రానియ్. డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. అందరికీ ఒక దండం పెట్టి, జర చుప్ ఉండమని అడిగి, మళ్లీ ఎక్కాడు. అమీర్‌పేట పక్కన ఇన్నేళ్లుగా ఉంటున్నాను, అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

బండి తోక మెల్లగా లోపలికి వచ్చింది. ప్రతి చక్రమూ దేని మేరకు అది ఒరిగి, నా ముగ్గుపిండిని తొక్కుకుంటూ ఆ గీత మీదే తిరుగుతోంది. అంత ఇనుము అంత నెమ్మదిగా, పసిపిల్లను ఎత్తుకున్నట్టు కదలడం చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. గుళ్లో కూడా నాకు అలా అయింది లేదు.

గోడకు జానెడు దూరం ఉంది. తర్వాత నాలుగు వేళ్లు. తర్వాత రెండే వేళ్లు.

“ఆపు,” అన్నాను. అరవలేదు, అరిచే ఓపిక లేదు.

ఆగిపోయింది. ఇంజను మోగుతూనే ఉంది, చక్రం మాత్రం ఒక్కటీ కదల్లేదు. నా మెట్టు ముందు బండి పెట్టొద్దని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నానో, ఒక్క ఆటోవాడు నా మాటకు ఆగింది లేదు. ఇల్లంత ఇనుము ఆగింది. నాకు ఏడుపొచ్చింది.

ఆయన ఎందుకని అడగలేదు. కొంచెం ముందుకు లాగి, దూలం సరిచేసుకుని, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఈసారి నాలుగు వేళ్ల సందు అలాగే నిలిచింది. చక్రం తర్వాత చక్రం దాటింది. ఫోను చెవికి అదిమిపెట్టుకుని నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. చివరికి లారీ మూతి నా గోడ దాటి లోపలికి పోయింది.

దూలం విప్పాక ఆయన నడుచుకుంటూ వచ్చాడు. ఫోను అప్పటికీ కట్ చేయలేదు. ఆపు అన్నప్పుడు ఎంత సందు ఉందని అడిగాడు. రెండు వేళ్లు చూపించాను. ఆయన గోడ వైపు చూసి, మెట్టు మీద కూలబడ్డాడు.

“నాకు ఈ పక్క ఏం కనబడలేదక్కా. నువ్వు సప్పుడు చేస్తలేవని వస్తనే ఉన్న,” అన్నాడు.

మంచినీళ్లిచ్చాను. గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాచాడు, మళ్లీ పోశాను.

ఆ మధ్యాహ్నం నేను కూరలు వండలేదు. పప్పు కోసం వచ్చినవాళ్లందరికీ ఇవాళ లేదని గుమ్మంలో నిలబడే చెప్పాను. చెబుతున్నంతసేపూ ఒక చెయ్యి గోడ మీదే ఉంది.