బోర్లా పెట్టిన చీటీ

ఉల్లిగడ్డల పోటీకి ఈ ఏడు తానొక్కడే మిగిలాడని తెలిసిన రోజు నుంచీ హెర్బర్ట్‌కి తిండి సయించలేదు. ఊరి పూల ప్రదర్శనలో నియమం అది. ఇద్దరైనా లేకపోతే వెండి కప్పు ఇవ్వరు, మరుసటి ఏడు ఆ పోటీయే ఎత్తేస్తారు. ముల్లంగికి అలాగే జరిగింది, అల్లిన ఊలు మేజోళ్ళకూ అలాగే జరిగింది.

ఇన్నేళ్ళూ ఆ రెండోవాడిగా క్లిఫ్ ఉండేవాడు, గోడకవతల తోటవాడు. ఫిబ్రవరిలో పోయాడు. ఒకళ్ళనొకళ్ళు దెప్పుకోకుండా వాళ్ళకి ఒక్క వేసవీ గడవలేదు.

"ఏరా, అవి ఉల్లిగడ్డలా, ఫుట్‌బాళ్ళా?" అని క్లిఫ్ గోడ మీదుగా తల పెట్టేవాడు. "కోస్తే నీళ్ళు తప్ప ఏమైనా ఉంటుందా వాటిలో?"

"నీ గోళీలకంటే నయమేలే."

"గోళీలైతేనేం, పళ్ళెంలో పెట్టే మూడూ ఒక తల్లి పిల్లల్లా ఉండాలిరా. అదీ పెంపకమంటే."

పాత న్యాయనిర్ణేతకి మాత్రం పెద్దగడ్డ కనిపిస్తే చాలు, కళ్ళు చెదిరేవి. ఎర్ర చీటీ, అంటే మొదటి బహుమతి, ఏటా హెర్బర్ట్‌దే. నీలం చీటీ క్లిఫ్‌ది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టేదీ క్లిఫే. ఆ తర్వాత వారం రోజులు గోడ దగ్గరికి వచ్చేవాడు కాదు.

ప్రదర్శన రోజు పొద్దున్నే హెర్బర్ట్ తన గడ్డల్లోంచి పెద్దవి మూడు తన కోసం తీసుకున్నాడు. తర్వాత చాలాసేపు కూర్చుని, మధ్యరకానివి మూడు, అచ్చం ఒకేలాంటివి ఏరాడు. క్లిఫ్ కట్టినట్టే వాటి మెడలకు నార చుట్టాడు. పేరు చీటీ మీద 'క్లిఫర్డ్ సగ్డెన్' అని క్లిఫ్ పూర్తి పేరు రాశాడు. ఎలాగూ నీలం చీటీయే కదా వచ్చేది, ఎవరికీ నష్టం లేదనుకున్నాడు. తప్పు చేయబోయే మనిషి ముందుగా అనుకునే మాట అదే.

ప్రదర్శన డేరాలో పేర్లు రాసుకునే జోన్ ఆ చీటీ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, దాన్ని గడ్డల పక్కన బోర్లా పెట్టింది. పేరు న్యాయనిర్ణేత కంట పడకూడదు, తీర్పయ్యాకే చీటీలు తిప్పుతారు. ఈసారి వచ్చిన న్యాయనిర్ణేత కొత్తావిడ, ఈ ఊళ్ళో ఎవరినీ ఎరగదు.

మధ్యాహ్నం డేరా తెరిచారు. హెర్బర్ట్ గడ్డల దగ్గర నీలం చీటీ ఉంది. 'పెద్దవే, కానీ ఒకదానికొకటి పొంతన లేదు' అని రాసి ఉంది. ఎర్ర చీటీ పక్క పళ్ళెంలో ఉంది, క్లిఫ్ పేరు పక్కనే.

అతనికి ముందు నవ్వొచ్చింది. గోడ దగ్గరికి పరిగెత్తి "గెలిచావురా వెధవా!" అని అరవాలనిపించింది. అరిస్తే వినేవాడు లేడన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఎవరు చెప్పారో, క్లిఫ్ భార్య మేవిస్ తాను టీ పోస్తున్న బల్ల వదిలేసి తడిచేతులతోనే వచ్చింది.

"ఇవెవరివి?"

"క్లిఫ్ ఇచ్చిన విత్తనమే, మేవిస్."

"విత్తనం సంగతి కాదు నేనడిగింది."

"నా తోటలోవే," అన్నాడు హెర్బర్ట్. "ఇంకో పేరు లేకపోతే పోటీ తీసేస్తారని... వాడి పేరు ఈ బల్ల మీద ఉండాలని..."

మేవిస్ ఆ మూడు గడ్డల వంక చూసింది. మూడూ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి.

"ఇలా ఏరడం నీకు తెలుసన్నమాట."

హెర్బర్ట్ పళ్ళెం అంచు సర్దాడు.

"నిరుడు చక్రాల కుర్చీలో తీసుకొచ్చాను ఆయన్ని. ఒళ్ళో గడ్డలు పెట్టుకుని కూర్చున్నాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అదే ఆఖరని ఊరంతటికీ తెలుసు. నీకూ తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. "ఆ ఒక్కసారి చిన్నవి తేవచ్చుగా, హెర్బర్ట్? ఎవరు కనిపెడతారు? ఆయన ఇంటికెళ్ళి నీలం చీటీ నా చేతిలో పెట్టి, 'వచ్చే ఏడు చూడు' అన్నాడు."

"నాకా ఆలోచనే రాలేదు, మేవిస్," అన్నాడు హెర్బర్ట్. అది అక్షరాలా నిజం.

"నాకు తెలుసులే," అని ఆమె చీటీ అందుకుని, పేరు కిందికి వచ్చేలా బోర్లా పెట్టి, టీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం మైకులో బహుమతులు పిలిచారు. మైకు పట్టుకున్న కుర్రాడు కొత్తవాడు, జాబితాలో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు. "ఉల్లిగడ్డల కప్పు, క్లిఫర్డ్ సగ్డెన్!"

డేరాలో జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టాల్సినవాడు లేడు. హెర్బర్ట్ చప్పట్లకి చేతులెత్తాడు. టీ బల్ల దగ్గర నుంచి మేవిస్ అతన్నే చూస్తోంది. చేతులు దించేశాడు.