యార్డు ఊపిరి

పొద్దున కొట్లో కాటా దగ్గర నిలబడి ఉండగా హార్మణీ మాస్టారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, శివరాత్రి తిరనాళ్ళకు ఈ ఏడన్నా వస్తావా, మళ్ళీ ఇంకొకడి నెత్తిన కిరీటం పెట్టమంటావా?" అన్నారు. "చూస్తాను మాస్టారూ" అన్నాను. ఈ చూస్తాను అనే మాట ఆయనకు ఎన్నేళ్ళుగా చెబుతున్నానో తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండింది. ఫోన్ జేబులో పెట్టుకునేలోపు తుమ్ములు మొదలయ్యాయి. మిరపయార్డులో ఏడ్చేవాడికీ తుమ్మేవాడికీ కళ్ళు ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరూ పలకరించరు.

నేను గుంటూరు మిరపయార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. చిన్నప్పటినుంచీ పౌరాణిక నాటకాల పద్యాలంటే పిచ్చి. దేవుడు నాకు రాజు వేషానికి సరిపోయే గొంతిచ్చి, తీసుకొచ్చి మిరపకాయల మధ్యన పడేశాడు. పోనీ అదైనా ఒక వరసలో చేశాడా అంటే అదీ లేదు. వానాకాలంలో యార్డు ఖాళీగా ఉంటుంది, నాకు కావలసినంత తీరిక, కానీ వానలో స్టేజీ కట్టేదెవడు? తిరనాళ్ళూ, నాటకాల పోటీలూ అన్నీ సరిగ్గా మిరప సీజనులోనే వస్తాయి. అప్పుడు కొట్లో తల గోక్కోవడానికి కూడా తీరిక ఉండదు, గొంతేమో గరగరమంటూ ఉంటుంది. ఎవరిమీద విరుచుకుపడాలో తెలియక మా ఆవిడ మీద విరుచుకుపడేవాణ్ణి.

మాస్టారిది చిలకలూరిపేట. సాయిబుగారు, కుట్టుమిషన్లు రిపేరు చేసే కొట్టు ఉంది. హార్మణీ పెట్టె ముందు కూర్చుంటే పురాణాలన్నీ ఆయన వేళ్ళలోనే ఉంటాయి. ఒక ఏడాది ఆయనే గుంటూరొచ్చి, మా షావుకారుతో టీ తాగుతూ మాట్లాడి, తిరనాళ్ళ రోజుకు నాకు సెలవు ఖాయం చేశారు. సాధనకి మాత్రం టైము ఎక్కడిది? అందుకని కొట్లోనే మొదలుపెట్టాను. టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, తూకం వేయిస్తూ, అందరిలాగే ముక్కుకూ నోటికీ తడి తువాలు కట్టుకుని, ఆ తువాలు లోపలే పద్యం ఎత్తుకునేవాణ్ణి. "ఒరేయ్, రైతులు బేరానికొచ్చారా, నీ కచేరీకొచ్చారా?" అనేవాడు షావుకారు. మా ఆవిడ ఇంకా ఘనురాలు. "మిరపకాయలకే కన్నీళ్ళు తెప్పించిన మొగాడు మీరొక్కరేనండీ" అంది. నేను మాత్రం పద్యం బ్రహ్మాండంగా కుదురుతోందనే అనుకున్నాను.

తీరా ఆ రోజు పొద్దున్నే దర్శి వైపునుంచి లారీలు దిగాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, "సరుకు దింపించి వెళ్ళు" అన్నాడు షావుకారు. దింపించేసరికి పొద్దు వాలింది. పటిక బెల్లం, మిరియాలు బుగ్గన పెట్టుకుని బస్సెక్కాను. కిరీటం పెట్టుకున్నాక కూడా నా చేతులు ఘాటు వాసనే కొడుతున్నాయి.

పద్యం బాగానే ఎత్తుకున్నాను. జనం సద్దుమణిగారు. చివర రాగం తీయాలి, పద్యనాటకానికి ప్రాణం అక్కడే. సరిగ్గా అక్కడ ఊపిరి అయిపోయింది. గొంతు కాదు, ఊపిరి. అప్పుడు తెలిసింది నాకు, యార్డులో ఎవడూ నిండుగా గాలి పీల్చడు. పీలిస్తే దగ్గు తెరలు తెరలుగా వస్తుందని, తెలియకుండానే చిన్నచిన్న ఊపిరులతో నెట్టుకొస్తాం. నెలల తరబడి ఆ ఊపిరితోనే సాధన చేశాను. స్టేజీ మీద చల్లటి పైరగాలి వీస్తున్నా, నా ఛాతీ యార్డులోనే ఉన్నట్టు సగంలో ఆగిపోయింది. మాస్టారు కనిపెట్టి, నేను వదిలేసిన చోటునుంచి రాగాన్ని హార్మణీ మీద అందుకుని ఆకాశానికెత్తారు. "వన్స్ మోర్" అని జనం కేకలు. వన్స్ మోర్ అన్నాక ఎంత రాజైనా మళ్ళీ పాడాల్సిందే. ఆ కేక నాకు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

మాస్టారు నావైపు వంగి, మైకుకు వినపడకుండా, "ఇక్కడ మిరపకాయల్లేవయ్యా, పీల్చు" అన్నారు. రెండోసారి రాగం దగ్గరకొచ్చేసరికి పెట్టె మీంచి చేతులు పూర్తిగా తీసేశారు. నేను కళ్ళు మూసుకుని గాలి పీల్చాను. పొట్ట అడుగుదాకా వెళ్ళింది. వదిలాను. రాగం నా గొంతులోంచే వస్తోందని నమ్మడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఈసారి ఎవరూ వన్స్ మోర్ అనలేదు. మాస్టారు మాత్రం తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అంతే, ఆ తరవాత మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఒక ఏడు షావుకారు కూతురి పెళ్ళి, ఒక ఏడు రేటు పెరిగి యార్డు కిటకిటలాడటం, ఒక ఏడు నా ఒంట్లో బాగోకపోవడం. కారణాలకేం, కోకొల్లలు. ఇవాళ మాస్టారి ఫోన్ సంగతి విన్న షావుకారు, "శివరాత్రికా? ఆ వారం సరుకు ఎక్కువొస్తుందిరా" అన్నాడు, తలెత్తకుండానే. నేను యార్డు గేటు దాటి రోడ్డు మీదికొచ్చాను. తువాలు విప్పి, వేపచెట్టు కింద నిలబడి, ఆనాటిలాగా గాలి పీల్చబోయాను. సగంలోనే దగ్గొచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ సగమే.

ఆ రోజు జనం వన్స్ మోర్ అన్నారు గనుక నాకు రెండో ఊపిరి దొరికింది. గడిచిపోయిన ఇన్ని సీజన్లలో ఒక్కదాన్నైనా మళ్ళీ ఇమ్మని అడగాలంటే, ఎవరివైపు తిరిగి కేక పెట్టాలో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.