కార్డు వెనక పెన్సిల్ రాత

నా చిన్నప్పుడు బీదర్‌లో మా ఇంట్లో డిసెంబరు ఆఖరి రోజు మధ్యాహ్నం పిల్లలెవరినీ ఆటలకు పోనిచ్చేవాళ్ళు కాదు. మా తాతయ్య చాప పరిచి, బిస్కెట్ల డబ్బా ముందు పెట్టుకుని కూర్చునేవాడు. అందులో బిస్కెట్లుంటే ఇంకేం కావాలి! వాగ్దానం కార్డులుండేవి. కొత్త ఏడాదికి తలా ఒకటి తీసుకునే, బైబిలు వాక్యం ఉన్న చిన్న కార్డులు. పాతది తిరిగిస్తేనే కొత్తది. ఆ ఏడు మేమేం చేస్తామన్నామో తాతయ్య ప్రతి కార్డు వెనకా పెన్సిల్‌తో రాసేవాడు.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు, హార్మోనియం నేర్చుకుంటానని గొప్పగా చెప్పాను. తాతయ్య నా పాత కార్డులు మూడు తీసి నాతోనే చదివించాడు. మూడింటి మీదా అదే మాట. మా అన్న పకపకా నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నిజానికి హార్మోనియం అంటే నాకు పిచ్చి. తాతయ్య చర్చిలో వాయిస్తుంటే ఆయన పక్క నుంచి కదిలేదాన్ని కాదు. ఆయన తర్వాత ఆ పెట్టె ముందు నేనే కూర్చోవాలని ఆశ.

"నాతోని కాదు తాతా," అని ఏడ్చేశాను.

ఆయన కోప్పడలేదు. "ఏడ్వకు పోరీ. యాడ ఆగినవో గది చెప్పు," అన్నాడు.

అంతవరకు నన్నెవరూ అది అడగలేదు. మూడేళ్ళ కిందట మా దగ్గరి ఊరు బగ్దల్‌లో ప్రార్థన కూటంలో, పాట రెండో చరణం దగ్గర తప్పు మెట్టు నొక్కాను. పిల్లలు నవ్వారు. మళ్ళీ పెట్టె ముట్టలేదు. అంతా చెప్పేశాను. తాతయ్య కొత్త కార్డు వెనక 'రెండో చరణం కాడ ఆగింది' అని మాత్రం రాశాడు.

"ఇగ ఆడికెల్లే షురూ చెయ్," అని పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. మొదటి చరణం జోలికి పోనివ్వలేదు. పొద్దుగూకేదాకా రెండో చరణమే. తెల్లారి చర్చిలో తాను పక్కకు జరిగి నన్ను కూర్చోబెట్టాడు. మళ్ళీ అక్కడే తప్పింది! వెనక ఎవరో కిసుక్కుమన్నారు కూడా. కానీ ఈసారి నా చేతులు ఆగలేదు.

ముందురోజు కార్డులు పంచేటప్పుడు "నీ కార్డు యాడుంది తాతా?" అని అడిగితే గబుక్కున జేబులో దాచుకున్నాడు, దొంగ తాతయ్య. ఆయన పోయాక ఆ డబ్బా నాకొచ్చింది. అడుగున ఆయన కార్డులున్నాయి. ఏళ్ళకేళ్ళు ఒకటే రాత: 'బీడీ మానాలె.' భలే నవ్వొచ్చింది. నేను ఏడ్చిన ఆ ఏటి కార్డు మీద మాత్రం వేరే ఉంది: 'బస్టాండు కాడ చాయ్ తాగంగ మల్ల ముట్టిచ్చిన.' ఆ తర్వాతి కార్డు వెనక ఏమీ లేదు. తాతయ్య బీడీ ఎప్పుడు మానాడో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. నాకు తెలిసిపోయింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు చర్చిలో ఆ పెట్టె ముందు కూర్చునేది నేనే. ఏటా డిసెంబరు ఆఖరున ఏం చేయాలో రాసుకోను, ఎక్కడ ఆగానో రాసుకుంటాను. ఆనాడు పకపకా నవ్విన మా అన్నకూ నాకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఈ ఏడు నా కార్డు వెనక రాయడానికి చెయ్యి వెనకాడింది. అయినా రాశాను: 'అన్నకు ఫోన్ చేసి, రెండో రింగుకే పెట్టేసిన.'